డబ్బున్నవాళ్ల వీధిలో ఉంటే సంతోషమా, సామాన్యుల వీధిలోనా?

ఇల్లు డబ్బున్నవాళ్ల మధ్య తీసుకుంటే సుఖమా, మామూలు సంపాదన ఉన్నవాళ్ల మధ్యనా అన్నది ప్రశ్న. మన సంపాదన ఒక్కటే కాదు, పక్కింటివాళ్ల సంపాదన కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికా కుటుంబాల సమాచారంతో ఆర్థికవేత్త ఎర్జో లట్మర్ 2005లో ప్రచురించిన పరిశోధనలో ఇదే తేలింది. సొంత ఆదాయం ఒకేలా ఉన్నా, చుట్టుపక్కలవాళ్ల ఆదాయం ఎక్కువగా ఉన్నచోట మనుషులు తమ సంతోషం తక్కువేనని చెప్పారు. ఇరుగుపొరుగుతో ఎక్కువగా కలిసేవాళ్లలో ఇది ఇంకా బలంగా కనిపించింది. ఎదురింటి ముందు కొత్త కారు ఆగగానే, నిన్నటిదాకా బాగానే ఉన్న మన బండి పాతదైపోతుంది.

డబ్బు తక్కువ ఉన్నచోట అవసరమే తలుపులు తెరిపిస్తుంది. నిచ్చెన ఒకరింట్లో, డ్రిల్లింగ్ మెషిన్ ఇంకొకరింట్లో ఉంటాయి. అడగడానికి వెళ్లినవాళ్లు పది నిమిషాలు మాట్లాడి వస్తారు. అన్నీ కొనుక్కోగలిగితే ఆ పది నిమిషాలు పోతాయి.

అలాగని పేదరికాన్ని పొగడటం నాకు అస్సలు నచ్చదు. అద్దె ఎలా కట్టాలన్న టెన్షన్‌లో ఉన్న మనిషికి పక్కింటివాళ్లతో నవ్వుతూ మాట్లాడే ఓపిక ఎక్కడుంటుంది?

ఇల్లు చూడటానికి సాయంత్రం పూట వెళ్లండి. గేట్ల దగ్గర నిలబడి కబుర్లాడేవాళ్లు ఎంతమంది ఉన్నారో గమనించండి.