పగిలిన వేప బుడిపెను పారేయకండి

వేప బుడిపెను (చెట్టు మీద ఉబ్బిన గడ్డను) లేత్ మీద తిప్పి కూజా బయటి ఆకారం చెక్కాక లోపల బెరడు, దాని పక్కనే వేలు పట్టేంత పగులు బయటపడ్డాయి, లోపల తొలవాలా మానేయాలా అని అడిగారు. తొలవొచ్చు, తొందరపడకండి. లేత్ ఆపి, వదులుగా ఉన్న బెరడునీ పుచ్చునీ పాత టూత్‌బ్రష్‌తో, సన్న మొలతో గీకి తీసేయండి. గట్టిగా పట్టుకున్న బెరడును ఉంచండి, ఆ ముక్కకు అదే అందం. దాని అంచుల్లో పలచటి సూపర్ గ్లూ చుక్కలుగా ఇంకనివ్వండి. పెద్ద పగులులో, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీలో (రెండు భాగాలు కలిపి వాడే జిగురులో) కాఫీ పొడి కలిపి నింపి ఒక రోజంతా వదిలేయండి. రంపపు పొట్టు కలిపితే అతుకు వేసినట్టు కనిపిస్తుంది, నాకైతే ముదురు రంగే నచ్చుతుంది.

చెక్క పచ్చిదైతే ఎపాక్సీ సరిగా పట్టదు. అప్పుడు గోడను వ్యాసంలో పదో వంతు మందంగా, అంటే 20 సెం.మీ. కూజాకి 2 సెం.మీ. ఉంచి తొలిచి, పొట్టుతో సహా కాగితం సంచిలో పెట్టి వారానికోసారి తూచండి, బరువు తగ్గడం ఆగాకే నింపండి.

తొలిచేటప్పుడు బయట ఫిలమెంట్ టేపు (దారాలు ఉన్న బలమైన టేపు) గట్టిగా చుట్టండి. లేత్ వేగం నిమిషానికి 500 చుట్లు దాటించకండి. బుడిపెలో నార అన్ని వైపులా తిరిగి ఉంటుంది కాబట్టి ఉలి ఎక్కడ పట్టేస్తుందో తెలియదు, అందుకే చిన్న స్క్రేపర్‌తో (గీకే పనిముట్టుతో) పలచగా తీస్తూ, మాటిమాటికీ ఆపి పొట్టు బయటికి లాగేయండి. టక్‌టక్‌మని కొత్త చప్పుడు వినిపిస్తే వెంటనే ఆపండి. ఫేస్ షీల్డ్ తప్పనిసరి, ముక్క ఎగిరే దారిలో మాత్రం నిలబడొద్దు. గోడ 8 మి.మీ.కి వచ్చాక ఇక ఆపేయండి, ఈ ముక్కకి అంతకన్నా పలచన వద్దు.