కస్టమర్ డబ్బులిచ్చేదాకా అతని గిటార్ నా దగ్గర ఉంచుకోవచ్చా?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో గిటార్లు, కీబోర్డులు రిపేరు చేస్తుంటాను. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించే ఒకతను ఆంప్‌కు (యాంప్లిఫయర్‌కు) పెట్టగానే హమ్ అనే రొద వస్తోందని తన ఎలక్ట్రిక్ గిటార్ ఇచ్చాడు. తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే పికప్‌లలో హమ్ రానివ్వని రకమైన హంబకర్లు మూడు (పాత సింగిల్ కాయిల్ పికప్‌ల సైజులోనే వచ్చేవి), వాటికి సరిపడే 500 కె పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది భాగాలు), కొత్త జాక్, కూలీ కలిపి 8,500 అని వాట్సాప్‌లో పెడితే ‘సరే అన్నా, వేసెయ్’ అన్నాడు. అడ్వాన్సు 3,000 ఇచ్చాడు. విప్పాక ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) అరిగి కనిపించాయి. వాటిని లెవెల్ చేసి, మెడ చివర తీగలు ఆనే నట్ కూడా మార్చి, 2,800 కలిపాను. ‘ఫ్రెట్లు ఎవరు చేయమన్నారు? గిటార్ ఇవ్వకపోతే పోలీస్ కేసే’ అంటున్నాడు. ఐదు నెలలైంది. అమ్మేసి నా డబ్బు తీసుకోవచ్చా? అందాకా నా శిష్యుడు దాన్ని ఒక ప్రోగ్రాంకు అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా?

జవాబు: అమ్మకండి. శిష్యుడికీ ఇవ్వకండి. ఇప్పుడు చట్టం చాలావరకు మీవైపే ఉంది, ఈ రెండింటిలో ఏది చేసినా అది అతనివైపు తిరుగుతుంది.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ మీలాంటి పనివాళ్ల కోసమే ఉంది. ఒకరి వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేస్తే, ఆ కూలీ ముట్టేదాకా దాన్ని మీ దగ్గరే ఉంచుకోవచ్చు. చట్టం భాషలో దీన్ని లీన్ అంటారు. చట్టంలోనే ఉదాహరణలున్నాయి. సానపట్టమని ముడి వజ్రం ఇస్తే, కూలీ ఇచ్చేదాకా దాన్ని తిరిగి ఇవ్వనక్కర్లేదు. అదే దర్జీ ‘కోటు కుట్టగానే ఇస్తాను, డబ్బు మూడు నెలలకు ఇవ్వండి’ అని మాటిచ్చి ఉంటే, కోటు ఆపడానికి లేదు. కాబట్టి ‘డబ్బు తర్వాత ఇద్దువులే’ అని మీరెక్కడైనా మెసేజ్ పెట్టారేమో చూసుకోండి. గిటార్ ఒకసారి చేతికిచ్చేస్తే ఈ హక్కు పోయినట్టే.

అయితే ఇది ఉంచుకునే హక్కే, అమ్ముకునే హక్కు కాదు. తాకట్టు పెట్టుకున్నవాడికి 176వ సెక్షన్ నోటీసిచ్చి అమ్మే వీలిచ్చింది, రిపేరుకు తీసుకున్నవాడికి ఇవ్వలేదు. అమ్మితే భారతీయ న్యాయ సంహిత 316 కింద నమ్మకద్రోహం కేసుకు మీరే దారి వేసినట్టు. కూలీ కోసమే ఉంచానని రాసి పంపి, భద్రంగా ఉంచితే దురుద్దేశం లేనట్టే కాబట్టి ఆ కేసు నిలవడం కష్టం. స్టేషన్ నుంచి ఫోన్ వస్తే టెన్షన్ పడకుండా బిల్లులు, చాట్ ప్రింట్లు తీసుకుని వెళ్లండి. ప్రోగ్రాంకు వాడితే మాత్రం కాంట్రాక్టు చట్టంలోని 154వ సెక్షన్ వస్తుంది. అనుమతి లేని వాడకంలో గిటార్‌కు దెబ్బ తగిలితే, మీ తప్పు ఉన్నా లేకున్నా నష్టం మీరే కట్టాలి.

ఇక ఫ్రెట్ల సంగతి. ఇక్కడ మీ వాదన బలహీనం, దాచకుండా చెబుతున్నాను. పికప్ నచ్చకపోతే సోల్డరింగ్ విడదీసి పాతది పెట్టొచ్చు. ఫ్రెట్ లెవెల్ చేయడమంటే లోహాన్ని ఆకురాయితో అరగదీయడం. అరిగిన లోహం మళ్లీ రాదు. అలాంటి పనికే ముందుగా అడగాలి, మీరు దానికే అడగలేదు. లీన్ వర్తించేది ఏ పనికి వస్తువు ఇచ్చాడో ఆ పనికి. ఉచితంగా చేయని పనివల్ల లాభం పొందినవాడు పరిహారమివ్వాలనే 70వ సెక్షన్ మీద వాదించవచ్చు గానీ, వద్దనే అవకాశం అతనికి ఎప్పుడిచ్చారని జడ్జి అడిగితే జవాబుండదు.

అతను ఒప్పుకున్న దాంట్లో మిగిలిన 5,500 తెచ్చి చేతిలో పెట్టినా, 2,800 కోసం గిటార్ ఆపారనుకోండి, ఆ రోజు నుంచి తప్పు మీదవుతుంది. ఆ తర్వాత దానికేం జరిగినా 161వ సెక్షన్ కింద బాధ్యత మీదే. అతను జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. వాయించి బతుకుతున్నాడు కాబట్టి అది వ్యాపారమని తోసేయడం కుదరదు.

నేనైతే ఫ్రెట్ల డబ్బు వదిలేస్తాను. బాధగానే ఉంటుంది, ఆ పనికి ఎంతసేపు వంగి కూర్చుంటారో తెలియనిది కాదు. 5,500 పదిహేను రోజుల్లో కట్టి గిటార్ తీసుకెళ్లమని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, అదే వాట్సాప్‌లోనూ పెట్టండి. పలకకపోతే కోర్టు సముదాయంలోని మండల న్యాయ సేవా కమిటీలో దావాకు ముందే అర్జీ పెట్టుకోండి. దానికి కోర్టు ఫీజు లేదు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు (తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం. అక్కడా తేలకపోతే, పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. అందాకా ఆ చాట్ చెరపకండి, ఫోన్ మార్చకండి.

పాత పికప్‌లు, నట్ అతనివే. ఒక కవర్లో వేసి గిటార్‌తోపాటు ఉంచండి. డబ్బు కట్టిన రోజు ఆంప్‌కు పెట్టి, మూడు పికప్‌లూ అతన్నే వాయించి చూసుకోమనండి. అన్నీ ముట్టాయని, బాగున్నాయని సంతకం తీసుకుని అప్పుడివ్వండి.