నిలబడే చోటు

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

వచ్చే శనివారం మీ ఊరి లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) మ్యాచ్‌కి అంపైరుగా వెళ్తున్నావని పిన్ని చెప్పింది. నిబంధనలు ఎలాగూ చదువుతావు కాబట్టి వాటి జోలికి పోను. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు ఆగాలి అన్నది మాత్రమే రాస్తాను. తల్లిదండ్రులు గొడవకు దిగేది సాధారణంగా అక్కడే.

బ్యాటర్ పక్కన నేల మీదుండే పలకే ప్లేటు. దాని వెనుక, బంతి పట్టుకునే క్యాచర్‌కి సరిగ్గా వెనకాల నిలబడకు. అతనికీ బ్యాటర్‌కీ మధ్య సందు ఉంటుంది, స్లాట్ అంటారు. నీ తల అక్కడుండాలి. కుడిచేతి బ్యాటర్ అయితే ఆ సందు నీకు ఎడమవైపు వస్తుంది. అప్పుడు ఎడమ పాదం ముందుకు వేసి, కుడి పాదం వేళ్లు ఎడమ మడమ వరుసకు వచ్చేలా పెట్టు. కాళ్లు భుజాలకన్నా ఎడంగా ఉంచు. బంతి విసిరే పిచ్చర్ చేయి దాన్ని వదిలేలోపే వంగి, కదలకుండా ఉండు. గడ్డం క్యాచర్ హెల్మెట్ పై అంచు కన్నా కిందికి దిగకూడదు. దిగితే 17 అంగుళాల ప్లేటులో అవతలి కింది మూల నీకు కనబడదు, అడిగేవాళ్లేమో ఆ మూల గురించే అడుగుతారు. బంతి వెంట కళ్లు తిప్పు, తల తిప్పకు. గ్లవ్‌లో పడ్డాక ఒక్క క్షణం ఆగి అప్పుడు తీర్పు చెప్పు.

రన్నర్ పరుగెత్తి చేరే బేస్‌ల దగ్గర కొత్తవాళ్లు చేసే పని, ఆటగాళ్ల మీద పడేంత దగ్గరగా పరుగెత్తడం. దూరం కన్నా కోణం ముఖ్యం. క్రికెట్‌లో రనౌట్ అనగానే అంపైర్ పక్కకు పరుగెత్తి క్రీజు వరుసలో నిలబడడూ? ఆలోచన అదే. ఫస్ట్ బేస్ దగ్గర బంతి వచ్చే దారికి లంబకోణంలో, సుమారు 15 అడుగుల దూరంలో ఆగు. విసిరింది సెకండ్ బేస్‌మన్ (సెకండ్ బేస్ దగ్గరి ఫీల్డర్) అయితే మాత్రం మైదానం లోపలికి దూకకు, బంతి నీ వీపుకే తగులుతుంది. చూపు రన్నర్ పాదం మీద, బేస్ మీద ఉంచు. బంతి గ్లవ్‌లో పడిన సంగతి చెవులే చెబుతాయి. ట్యాగ్ చేసేటప్పుడు, అంటే బంతి ఉన్న గ్లవ్‌తో రన్నర్‌ను తాకేటప్పుడు, చెవులు పనికిరావు. ఇంకాస్త దగ్గరికి వెళ్లి, గ్లవ్‌కీ రన్నర్‌కీ మధ్య ఖాళీ కనబడే వైపు చూసుకో.

ఇంకో రెండడుగులు వేస్తే కోణం కుదురుతుందనిపిస్తుంది. అయినా బంతి వచ్చేస్తుంటే ఉన్నచోటే ఆగిపో. పరుగెత్తుతూ చూసినవాడికి అన్నీ అదురుతూనే కనబడతాయి.

మాస్క్ ఎడమ చేత్తో తీయడం ఇంట్లోనే అలవాటు చేసుకో. లెక్క చూసుకునే ఇండికేటర్ కూడా ఆ చేతిలోనే ఉంచు. కుడి చేయి ఔట్ ఇవ్వడానికి ఖాళీగా ఉండాలి. ఫౌల్ బంతి (బ్యాటుకు తగిలి గీత బయటికి పోయేది) గాలిలోకి లేస్తే ఆకాశం చూడకు, క్యాచర్ ఎటు తిరుగుతున్నాడో చూసి అతనికి దారి వదులు.

మ్యాచ్ అయ్యాక ఫోను చెయ్యి. మాస్క్ ఏ చేత్తో తీశావో ముందు చెప్పు, స్కోరు తరువాత.

మీ బాబాయి