ఇంట్లో ఇంగ్లిష్ రూల్, నోరు విప్పని బాబు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బాబు అయిదో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివాడు. సెలవుల తర్వాత ఇంగ్లిష్ మీడియంలో ఆరో తరగతిలో చేరాలి. అందుకని మా ఆయన, ఇంట్లో అందరూ ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలని రూల్ పెట్టారు. తెలుగు మాట వస్తే ఆ రోజు టీవీలో క్రికెట్ బంద్. మా అత్తగారికి ఇంగ్లిష్ రాదు, నాదీ అంతంతమాత్రమే. బాబు ఇప్పుడు మాటలే తగ్గించేశాడు, నాయనమ్మ దగ్గరికీ వెళ్లడం లేదు. నేనేమైనా అంటే "నాలాగే వాడూ ఇంటర్వ్యూల్లో నోరెత్తకుండా కూర్చోవాలా?" అని ఆయన కోప్పడుతున్నారు. పై వారం టెక్కలి, మా అమ్మగారింటికి వెళ్తున్నాం. అక్కడా ఇదే రూలట. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ క్రికెట్ శిక్ష ఇవాళే తీసేయించండి. నోరు తెరిస్తే శిక్ష పడుతుందని తెలిసిన పిల్లాడు నోరు తెరవడు. మీ బాబుది మొండితనం కాదు, ముందుజాగ్రత్త.

మీవారి మాటల్లో నాకు కోపం కన్నా పాత అవమానమే ఎక్కువ వినిపించింది. వాదనకు దిగకండి. పిల్లాడు పడుకున్నాక ఆ ఇంటర్వ్యూల సంగతి అడిగి, ఆయన చెప్పింది పూర్తిగా వినండి. తర్వాత ఒక్కటే అడగండి: "అప్పుడు ఎవరైనా మాటమాటకీ ఆపి తప్పులు దిద్దితే మీకు ఇంగ్లిష్ వచ్చేదా?"

రోజంతా రూల్ వద్దు, సాయంత్రం అరగంట చాలు. మిగతా వేళ హాయిగా తెలుగే. ఇంటి భాష ఇంగ్లిష్‌కు అడ్డు కాదు. వీలైన చోట కనీసం అయిదో తరగతి దాకా మాతృభాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోంది. మీవాడు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా ఎలాగూ నెట్టుకొస్తున్నాడు కదా!

ప్రథమ్ బుక్స్ వారి వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో చాలా కథలు ఇంగ్లిష్‌తో పాటు మన భాషల్లోనూ ఉంటాయి. లెవెల్స్ నాలుగు. ఆరో తరగతి కదా అని పై లెవెల్‌కు పోకండి, ఒకటో లెవెల్‌తోనే మొదలుపెట్టండి. ఒడియాలో కూడా ఉన్న కథ చూసి ముందు అందులో చదవనివ్వండి, తర్వాత అదే కథ ఇంగ్లిష్‌లో పైకి చదవాలి. ఆపైన నాయనమ్మకు తెలుగులో చెప్పాలి. ఆవిడకు ఇంగ్లిష్ రాకపోవడమే ఇక్కడ మనకు లాభం. "తర్వాత ఏమైందిరా?" అని ఆవిడ నిజంగానే అడుగుతారు, అర్థం కాని చోటు అక్కడే బయటపడుతుంది. మీరు పాఠం చెప్పనక్కర్లేదు, పక్కన కూర్చుని వింటే చాలు.

మీవారికీ ఒక పని అప్పగించండి. మ్యాచ్‌లో ఓ రెండు ఓవర్లు టీవీ సౌండ్ ఆపేసి, తండ్రీకొడుకులు పోటీపడి ఇంగ్లిష్‌లో కామెంటరీ చెప్పాలి. ఆట అయ్యేదాకా దిద్దకూడదు. చివర్లో ఒక్క తప్పు, అదీ నవ్వుతూ. (ఆయన తప్పులు బాబు పట్టుకుంటే ఇంకా మంచిది.)

టెక్కలిలో పాఠాలేమీ వద్దు. రైల్లో వెళ్తే మాత్రం దారిలో స్టేషన్ బోర్డులు చదివించండి. పర్లాకిమిడిలో ఒడియా, హిందీ, ఇంగ్లిష్. పాతపట్నం వచ్చేసరికి ఒడియా పోయి తెలుగు వస్తుంది.

స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులకు ఇప్పుడే డబ్బు కట్టకండి. బడి తెరిచాక కొన్నాళ్లు క్లాసులో వింటూ ఊరుకున్నా కంగారు పడొద్దు, టీచర్‌కు ముందే చెప్పి ఉంచండి. కానీ శిక్ష తీసేశాక కూడా నాయనమ్మతో, స్నేహితులతో తెలుగులో సైతం మాట్లాడకపోతే అది ఇంగ్లిష్ సంగతి కాదు. అప్పుడు ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి.