హైమాస్ట్ లైటు వేస్తే మా సందు భయం పోతుందా?

ప్రశ్న: నేను బట్టల షాపులో పనిచేస్తాను. రాత్రి పదింటికి బస్సు దిగి, పొడుగాటి సందు దాటి ఇల్లు చేరాలి. ఆరు స్తంభాలుంటే మూడే వెలుగుతాయి. పోయిన నెల పక్కింటి పిన్నిగారి మెడలో గొలుసు అక్కడే తెంపుకుపోయారు. సందు మొదట్లో హైమాస్ట్ లైటు, అదే బాగా ఎత్తు స్తంభం మీద పెద్ద లైట్ల గుత్తి, వేయిస్తామంటున్నారు. దాంతో భయం పోతుందా సర్?
– ఒక పాఠకురాలు

జవాబు: పోదమ్మా. హైమాస్ట్ కూడళ్లకు, బస్టాండ్లకు బాగుంటుంది. మీ సందు మొదట్లో వేస్తే ఆ వెలుగు ముందున్న ఇళ్ల గోడలకు తగిలి ఆగిపోతుంది. పైగా అంత వెలుగులోంచి చీకట్లోకి అడుగుపెడితే కాసేపు కళ్లకేమీ ఆనదు. గొలుసు దొంగకు కావలసింది ఆ కాసేపే.

మున్సిపల్ వీధి దీపాల పనిలో ఇరవై ఎనిమిదేళ్లున్నాను. చీకటి అని ఫిర్యాదొస్తే రాత్రే వెళ్లి చూసేవాణ్ని. ఒకచోట లైటు శుభ్రంగా వెలుగుతోంది, కింద మాత్రం చీకటి. వేపకొమ్మ గొడుగులా కప్పేసింది. కర్రకు కొడవలి కట్టి కొమ్మ దించాం. ఎదురింటి ముసలమ్మ గడపలో నిలబడి, "మా తలుపు రంగు కనబడుతోంది నాయనా" అంది. కొత్త లైటు ఒక్కటీ వేయలేదు.

మీరూ ఇంట్లోవాళ్లను తోడు తీసుకుని ఒక రాత్రి చూడండి. వెలిగే స్తంభం దగ్గర మీరు నిలబడి, వాళ్లను తర్వాతి స్తంభం దాకా నడవమనండి. ముఖం ఆనవాలు పట్టలేని చోటు రాసుకోండి. స్తంభం మీద నంబరుంటే అదీ రాయండి. "మా సందులో లైట్లు లేవు" అంటే కాగితం తిరుగుతుంది, నంబరు రాస్తే మనిషి వస్తాడు. ఒక్క లైటే ఆరితే లోపం చాలాసార్లు ఆ లైటులోనే ఉంటుంది. వరసగా అన్నీ ఆరితే టైమర్ పెట్టెలోనో వైరులోనో ఉంటుంది. ఆ తేడా చెప్తే సరైన సామానుతో వస్తారు.

లైట్లతో నేరాలు తగ్గుతాయా అని ఎవరైనా అడిగితే న్యూయార్క్ సంగతి చెప్పండి. 2016లో అక్కడి ప్రభుత్వ గృహ సముదాయాల్లో కొన్నిటిని లాటరీ పద్ధతిలో ఎంచి లైటు టవర్లు పెట్టారు. రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు దాదాపు 36 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. అవీ పెద్ద లైట్లే, కానీ జనం తిరిగే ఇళ్ల మధ్యనే పెట్టారు.

మీ లైట్లు బాగయ్యేదాకా, వెలగని ఆ మూడు స్తంభాల పక్కిళ్లవాళ్లను గేటు లైటు పదిన్నర దాకా వేసి ఉంచమని అడగండి. పిన్నిగారిని వెంటబెట్టుకుని వెళ్లండి, కాదనరు.