బ్లాక్ ఫారెస్ట్ కేకుకి అడవితో ఏం సంబంధం?

మన బేకరీల్లో పుట్టినరోజులకి కోసే బ్లాక్ ఫారెస్ట్ కేకుకి ఆ పేరెందుకు వచ్చింది, అసలుది అక్కడ కూడా ఇలాగే ఉంటుందా అని అడిగారు. నేను జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో రెండేళ్ళు చదువుకున్నాను. ట్రామెక్కి గ్యుంటర్‌స్టాల్ వైపు చివరిదాకా వెళ్ళి దిగితే, కాస్త నడవగానే బ్లాక్ ఫారెస్ట్ అని పిలిచే ఆ కొండల అడవే. అక్కడ తిన్నదీ తెలుసుకున్నదీ చెబుతాను.

జర్మన్‌లో దీని పేరు ష్వార్ట్స్‌వాల్డర్ కిర్ష్‌టోర్టె. ష్వార్ట్స్‌వాల్డ్ అంటే నల్లని అడవి, కిర్ష్ అంటే చెర్రీ. చాక్లెట్ నల్లగా ఉంటుంది కాబట్టి అడవి పేరు పెట్టారని నేనూ అనుకునేవాణ్ణి. నేను అద్దెకున్న ఇంటావిడ ఆ మాట ఒప్పుకోలేదు. డెబ్భై దాటిన మనిషి. ఒక ఆదివారం మధ్యాహ్నం కాఫీకి పిలిచి, తన చేత్తో చేసిన కేకు ఒక ముక్క పెట్టారు. నోట్లో పెట్టుకోగానే ఘాటు ముక్కుకెక్కింది. ఏమిటిది అంటే అలమరలోంచి ఒక సీసా తెచ్చి చూపించారు. చూడ్డానికి అచ్చం మంచినీళ్ళు.

అదే కిర్ష్‌వాసర్. మాటకి అర్థం చెర్రీ నీళ్ళు అనే గానీ, అది సారా. చెర్రీ పళ్ళని గింజలతో సహా పులియబెట్టి బట్టీలో కాస్తారు. చేదు బాదంపప్పుని గుర్తు చేసే ఆ వాసన గింజల వల్లే వస్తుంది. ఆల్కహాలు కనీసం 37.5 శాతం ఉండాలి. కొండల దిగువన చెర్రీ తోటలున్న రైతు కుటుంబాలు సొంత బట్టీల్లో తరతరాలుగా దీన్ని కాస్తున్నాయి. కేకుకి అడవి పేరు ఈ సారా వల్లే వచ్చిందన్నది నాకు నమ్మబుద్ధి అయిన వివరణ. ఆ పేరుతో అమ్మే కేకులో కిర్ష్‌వాసర్ రుచి స్పష్టంగా తెలియాలని జర్మనీ ఆహార మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

ఎవరు కనిపెట్టారంటే మాత్రం తగువే. జోసెఫ్ కెల్లర్ అనే ఆయన 1915లో బాట్ గోడెస్‌బెర్గ్‌లోని ఒక కెఫేలో తానే మొదట చేశానని చెప్పుకున్నాడు. అది అడవికి చాలా ఉత్తరాన ఉన్న ఊరు, ఇప్పుడు బాన్ నగరంలో భాగం. కాదు, 1930లో ట్యూబింగెన్‌లో ఎర్విన్ హిల్డెన్‌బ్రాండ్ చేశాడని ఇంకొందరి మాట. అదీ అడవి బయటే. అచ్చులో ఈ వంటకం 1934లో కనిపిస్తుంది. ఉడికించిన చెర్రీలు, మీగడ, కిర్ష్‌వాసర్ కలిపి తినడం ఆ కొండల్లో అంతకుముందు నుంచే ఉంది కాబట్టి, ఘనతంతా ఒక్క మనిషికి కట్టబెట్టడం నాకు సరిగా తోచదు.

ఇక రుచి. మన కేకుకీ దానికీ అసలు తేడా ఇక్కడే ఉంది. ఆవిడ అడుగున బిస్కెట్‌లా కరకరలాడే వెన్నపిండి పొర వేసేవారు. దాని మీద పల్చగా జామ్, ఆపైన కిర్ష్‌వాసర్ కలిపిన పాకంతో తడిపిన చాక్లెట్ స్పాంజి. పుల్ల చెర్రీల రసాన్ని పిండి కలిపి చిక్కగా కాచి, చెర్రీలు అందులో వేసి పొరల మధ్య పరిచేవారు. క్రీము అచ్చంగా పాల మీగడ, అందులో పంచదార బాగా తక్కువ. ముందు పులుపు తగులుతుంది, తర్వాత ఘాటు, తీపి ఆఖరికి.

మన దగ్గర పైన మెరిసే ఎర్ర చెర్రీ చాలాసార్లు చెర్రీయే కాదండీ, పాకంలో ఊరబెట్టి రంగు వేసిన వాక్కాయ. క్రీము కూడా ఎక్కువ చోట్ల నూనెతో చేసిందే. మన ఎండకి పాల మీగడ నిలవదు, పుల్ల చెర్రీ మన నేలలో పండదు, కాబట్టి బేకరీవాళ్ళని నేను తప్పుపట్టను. నా బాధల్లా వాక్కాయ గురించే. పప్పులో వేస్తే నోరూరించే ఆ కాయ పులుపుని పంచదార పాకం పూర్తిగా చంపేస్తుంది.

తెనాలి తిరిగొచ్చాక నేను ఇంట్లో చేసేది ఇలా: వానాకాలంలో పచ్చి వాక్కాయలు తెచ్చి, చీల్చి గింజలు తీసి, బరువులో సగం పంచదార వేసి జామ్‌లా దగ్గరపడే దాకా ఉడికిస్తాను. చల్లారాక చాక్లెట్ స్పాంజి పొరల మధ్య వేసి, ఫ్రిజ్‌లో బాగా చల్లబెట్టిన పాల క్రీము గిలక్కొట్టి పూస్తాను. పిల్లలు తింటారు కాబట్టి సారా ఉండదు, స్పాంజిని ఆ వాక్కాయ రసంతోనే తడుపుతాను. గింజలు మాత్రం ఓపిగ్గా తీయండి, ఒక్కటి పంటి కింద పడ్డా వగరు తెలిసిపోతుంది.