అద్దె ఇల్లు: విజయనగరమా, శ్రీకాకుళమా, మధ్యలో రణస్థలమా?

ప్రశ్న: మందుల ఏజెన్సీలో లెక్కలు చూస్తాను. వారంలో నాలుగు రోజులు విజయనగరం, రెండు రోజులు శ్రీకాకుళం ఆఫీసులో ఉండాలి. ఇంట్లో భార్య, రెండో తరగతి పాప. అటూ ఇటూ సమానంగా ఉంటుందని రణస్థలంలో ఇల్లు చూస్తున్నాం. మంచిదేనా?
- ఒక పాఠకుడు, పలాస

జవాబు: వద్దండి. సగం దూరమే కదా అనిపిస్తుంది గానీ, ఆ సగం రోజూ వెళ్లాలి, రోజూ రావాలి. కాగితం మీద వేసి చూడండి. రెండు ఊళ్ల మధ్య హైవే మీదుగా సుమారు 70 కిలోమీటర్లు. విజయనగరంలో ఉంటే శ్రీకాకుళానికి వారంలో రెండుసార్లు వెళ్లిరావడం 280 కిలోమీటర్లు. రణస్థలం నుంచి ఆరు రోజులూ 35 చొప్పున వెళ్లొస్తే 420. శ్రీకాకుళంలో కాపురమైతే 560. రేపు పని మూడు రోజులు, మూడు రోజులుగా మారినా మధ్య ఊరు కలిసిరాదు. ఎక్కడున్నా 420 తప్పదు. పైగా మధ్యలో ఎక్కేవాళ్లకు ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనే, అంటే బస్టాండులోనే, నిండిపోయిన బస్సు వస్తుంది.

మీ శ్రీకాకుళం రోజులు పక్కపక్కన పడేలా ఆఫీసులో గట్టిగా అడగండి. మంగళవారం పొద్దున వెళ్లి, రాత్రి అక్కడే ఉండి, బుధవారం సాయంత్రం వచ్చేస్తే 280 కాస్తా 140 అవుతుంది. నెలకు నాలుగైదు రాత్రులే కాబట్టి విడిగా గది తీసుకోకండి. తోటి ఉద్యోగి గదిలో ఖర్చు పంచుకోండి.

రైలును నమ్ముకుని ఇల్లు వెతికేవారు చాలామంది ఒకచోట దెబ్బతింటారు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి ఊళ్లోకి ఇంకా 13 కిలోమీటర్లు. బండి త్వరగా దింపినా, ఆటో నిండేదాకా కూర్చుంటే మిగిలిన టైము అక్కడే పోతుంది. సీజన్ టికెట్ ఉన్నా రిజర్వేషన్ బోగీ ఎక్కకూడదు.

కాబట్టి విజయనగరంలోనే, ఆర్టీసీ కాంప్లెక్స్‌కు నడిచివెళ్లే దూరంలో చూడండి. ఊరి చివర అద్దె కొంత తగ్గినా రోజూ ఆటోకే పోతుంది, పాప బడీ దూరమవుతుంది. అడ్వాన్సు ఇచ్చేముందు ఒక పనిరోజు పొద్దున ఆ ఇంటి గుమ్మం నుంచి శ్రీకాకుళం ఆఫీసు కుర్చీ దాకా ఎంతసేపు పడుతుందో వాచీ చూసుకుంటూ వెళ్లండి. ఆదివారం వెళ్లి చూస్తే లెక్క తప్పుతుంది.

ప్రశ్న: ఇంటివారు 11 నెలల కాగితమే రాస్తామంటున్నారు. మోసమేమైనా ఉందా?
- ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: లేదమ్మా. దేశంలో చాలాచోట్ల ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్నే రిజిస్టర్ చేయించాలి. అందుకే 11 నెలలు రాయడం అలవాటైంది. మన రాష్ట్రంలో మాత్రం చట్టం ప్రకారం ఎన్ని నెలల ఒప్పందమైనా రిజిస్టర్ చేయించాల్సిందే. నెల ముందు చెప్పి ఖాళీ చేయొచ్చనీ, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారనీ అందులో రాయించండి. తాళం చేతికొచ్చిన రోజే కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసి, సర్వీసు నంబరుతో సహా ఇంటివారికి పంపితే పాత బకాయి మీ నెత్తిన పడదు. ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎలా ఉంటుందో పక్క వాటా వాళ్లను అడగండి. మోటారు ఎన్నింటికి వేస్తారో, ఎంతసేపు వేస్తారో కూడా.